తెలివైన పిల్లలకు ‘రాలేదు’ అనడం నేర్పండి

ఆరో తరగతి దాకా మీ పాపకు చదువు నల్లేరు మీద బండి నడక. పాఠం ఒక్కసారి వింటే చాలు, వచ్చేసేది. టీచర్ ప్రశ్న పూర్తి చేసేలోపే చెయ్యి లేచేది. అందుకే స్కూలువాళ్లు స్క్రీనింగ్ టెస్టు పెట్టి ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్‌కో, ఒలింపియాడ్ సెక్షన్‌కో ఎంపిక చేశారు. ఫీజు ఎక్కువైనా ఫర్వాలేదనుకుని చేర్పించారు. దసరా సెలవులు వచ్చేసరికి ఇంట్లో వాతావరణమే మారిపోయింది. వీక్లీ టెస్టు రోజు పొద్దున్నే కడుపునొప్పి. టిఫిన్ సహించదు. హోంవర్క్ ముందేసుకుని గంటలకొద్దీ కూర్చుంటుంది, పేజీ మాత్రం తిరగదు. ఏమైందమ్మా అంటే ‘ఏం లేదు’ అంటుంది. మళ్లీ అడిగితే ఏడుపు.

పంజాగుట్ట, అమీర్‌పేట, ఎస్సార్ నగర్ ప్రాంతాల్లో ఏ అపార్టుమెంటులో అడిగినా ఇలాంటి పిల్లలు ఒకరిద్దరు ఉంటారు. పెద్దవాళ్లు సాధారణంగా రెండు తీర్మానాలు చేస్తారు. ఫోను ఎక్కువై బద్ధకం పెరిగిందనేది ఒకటి. మనం అనుకున్నంత తెలివి లేదేమోననేది రెండోది. రెండూ పొరపాటే. ఆ పాపకు తెలివి తగ్గలేదు, బద్ధకమూ రాలేదు. తెలియకపోవడం అనేది ఆమెకు అనుభవంలో లేదు, అంతే.

మామూలుగా చదివే పిల్లలకు ఒకటో తరగతి నుంచే అది అలవాటు అవుతుంది. ‘రాలేదు మేడమ్, ఇంకోసారి చెప్పండి’ అంటారు. పక్కవాళ్ల నోట్సు చూస్తారు. తప్పు కొట్టేసి కింద మళ్లీ రాస్తారు. అదంతా ఒక విద్య, ఏళ్ల తరబడి సాధనతో వచ్చేది. ఫస్ట్ ర్యాంకు పిల్లలకు దాని అవసరమే రాలేదు. పదకొండేళ్ల వయసులో, అదీ తన అంత చురుకైన ముప్పై నలభై మంది మధ్యలో, మొదటిసారి ఒక లెక్క రాకపోతే ఏం చేయాలో పాలుపోదు. ‘ఈ లెక్క రాలేదు’ అన్న చిన్న విషయం ఆ మనసులో ‘నేను తెలివైనదాన్ని కాదు’ అని మోగుతుంది. ఇన్నాళ్లూ అందరూ తనను మెచ్చుకున్నది ఆ ఒక్క తెలివిని చూసే కదా!

నమ్మకం కుదరకపోతే వాళ్ల రఫ్ పుస్తకం ఒకసారి తెరిచి చూడండి. లెక్క మొదటి లైను ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంటుంది. దాన్ని చెరిపేసి మళ్లీ అంతే అందంగా రాసి ఉంటుంది. మళ్లీ చెరిపి ఉంటుంది. రబ్బరు అరిగిన చోట కాగితం పలచబడి వెనక పేజీ అక్షరాలు కనిపిస్తుంటాయి. ఆ కింద ఖాళీ. తర్వాతి లెక్క కూడా అంతే. టెస్టు ఓఎంఆర్ షీటు చూస్తే సంగతి ఇంకా తేటతెల్లం. దిద్దిన బబుల్స్‌లో దాదాపు అన్నీ కరెక్టే. కానీ సగానికి పైగా ఖాళీలే. జేఈఈ పద్ధతిలో సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. ఆ కోతకు భయపడి, నూటికి నూరు పాళ్లు ఖాయమనుకున్నవే దిద్దుతారు. సార్లు దాన్ని ‘అటెంప్ట్స్ తక్కువ’ అంటారు. అది స్పీడు సమస్య అనుకుని మనం ఇంకో ట్యూషన్ వెతుకుతాం. స్పీడు బాగానే ఉంది, అడ్డం వస్తున్నది తప్పు అంటే ఉన్న భయం.

దీనికి తోడు బ్యాచ్ ప్రభావం ఒకటి ఉంది. ఆస్ట్రేలియాలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త హెర్బర్ట్ మార్ష్ 1980లలో దీన్ని గమనించి చెప్పాడు. ఒకే స్థాయి తెలివి ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకరు మామూలు స్కూల్లో, మరొకరు ఏరికోరిన పిల్లల స్కూల్లో చదివితే, ఆ రెండో బిడ్డకు చదువు విషయంలో తన మీద తనకున్న నమ్మకం తగ్గుతుంది. చెరువులో పెద్ద చేపను తెచ్చి సముద్రంలో వదిలితే అది చిన్నదైపోదు, చుట్టూ ఉన్నవి మారతాయి. ఈ ఒక్క సంగతి పిల్లలకు బ్యాచ్‌లో చేరేముందే చెప్పాలి. ‘అక్కడ అందరూ నీలాంటివాళ్లే ఉంటారు. నీకు పదిహేనో ర్యాంకు వచ్చినా, ముప్పయ్యో ర్యాంకు వచ్చినా ఆశ్చర్యం లేదు. మేం దానికి సిద్ధంగానే ఉన్నాం’ అని అమ్మానాన్నలు నోరు తెరిచి చెప్పాలి. మనసులో అనుకుంటే సరిపోదు.

నేటి తల్లిదండ్రుల్లో చాలామంది నల్లకుంటలో చుక్కా రామయ్య గారి ఐఐటీ కోచింగ్ ఇన్‌స్టిట్యూట్ వెలిగిన రోజులు చూసినవాళ్లే. అక్కడ సీటు కోసమే విడిగా కోచింగ్ తీసుకున్న తరం అది. అప్పట్లో ఆ పరుగు టెన్త్, ఇంటర్ దగ్గర మొదలయ్యేది. పదిహేను పదహారేళ్లవాళ్లు ఎంతోకొంత తట్టుకుంటారు. ఇప్పుడు అదే సిలబస్ ముక్కలు, అదే తరహా ర్యాంకు జాబితాలు ఆరో తరగతికి దిగాయి. ఐఐటీలన్నిటిలో కలిపి ఉన్నవి దాదాపు 18 వేల బీటెక్ సీట్లు. వాటి కోసం పదకొండేళ్ల బిడ్డ ఇప్పటినుంచే నిద్ర మానుకోవాలా? నా మటుకు నేను, వద్దంటాను. కష్టమైన చదువు వద్దని కాదు. తెలివైన పిల్లలకు కష్టమైన చదువు కావాలి, లేకపోతే వాళ్లు విసిగిపోతారు. ఆ కష్టాన్ని ఎదుర్కొనే పద్ధతి ముందు మనం నేర్పాలి.

మరి ఎలా నేర్పాలి? మన పేటలోనే దానికి ఎంతో మంచి పాఠశాల ఉంది. ఒక సాయంత్రం పిల్లల్ని తీసుకుని అమీర్‌పేట మైత్రీవనం వెనక సందుల్లోకి వెళ్లండి. ఆదిత్య ఎన్‌క్లేవ్ బ్లాకుల మీద కోర్సుల బోర్డులు, చేతిలో పాంప్లెట్లు పెట్టే కుర్రాళ్లు, నోట్సు అమ్మే జిరాక్స్ షాపులు, టిఫిన్ బండ్లు. ఆ మెట్లు ఎక్కి దిగేవాళ్లను చూపించండి. బీటెక్ డిస్టింక్షన్‌లో పాసైన కరీంనగర్ అబ్బాయి, గుంటూరు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న అమ్మాయి, పదేళ్ల ఉద్యోగం తర్వాత పాత టెక్నాలజీ పనికిరాక మళ్లీ కూర్చున్న పెద్దాయన, పిల్లలు పుట్టాక ఆగిపోయిన ఉద్యోగాన్ని తిరిగి వెతుక్కుంటున్న తల్లి. అక్కడ అందరూ తమకు రానిది నేర్చుకోవడానికే వచ్చారు. తనకంటే చిన్నవాడైన ట్రైనర్‌ని ‘సార్, ఇది అర్థం కాలేదు’ అని అడగడానికి ఆ పెద్దాయన మొహమాటపడడు. కోవిడ్ తర్వాత చాలా క్లాసులు ఆన్‌లైన్‌కి పోయినా ఆ సందులు ఇంకా కళకళలాడుతూనే ఉన్నాయి. ఉచిత డెమో క్లాసు ఏదైనా ఉంటే వెనక బెంచీలో పావుగంట కూర్చోబెట్టినా మంచిదే. ‘చూశావా కన్నా, ఆ అన్నయ్య ఇంజినీరింగ్ చదివాడు, అయినా దీంట్లో ఓనమాల నుంచి మొదలుపెడుతున్నాడు’ అని ఒక్క మాట చెప్పండి. ఉపన్యాసం వద్దు. దోసె తినిపించి ఇంటికి తీసుకురండి.

ఆ తర్వాత ఇంట్లో పని మనదే. పిల్లల ముందు మనకు రానిది ఒకటి చేయాలి. కొత్త భాషో, హార్మోనియమో, కంప్యూటర్‌లో ఏదైనా పనో. ‘అబ్బ, మళ్లీ తప్పింది. ఎక్కడ తప్పిందో చూద్దాం’ అని పైకి అనండి. తెలివైన పిల్లలు ఎప్పుడూ నెగ్గే తల్లిదండ్రుల్నే చూస్తారు. పెద్ద ఉద్యోగాలు చేసే నాన్నలు, అన్నీ చక్కబెట్టే అమ్మలు తడబడటం వాళ్ల కంట పడదు. ఆ ఒక్క దృశ్యం వాళ్లకు ఎంత ఊరటనిస్తుందో మాటల్లో చెప్పలేను.

మెచ్చుకోలు సంగతి కూడా ఆలోచించాలి. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే పరిశోధకులు అమెరికాలో ఐదో తరగతి పిల్లలకు కొన్ని పజిల్స్ ఇచ్చారు. అయ్యాక కొందరిని ‘నువ్వు చాలా తెలివైనవాడివి’ అని, కొందరిని ‘బాగా కష్టపడ్డావు’ అని మెచ్చుకున్నారు. తేడా ఆ ఒక్క మాటే. తర్వాత కష్టమైన పజిల్స్ ఇచ్చి, చివరికి మళ్లీ మొదటి రకం ఇచ్చారు. తెలివిని మెచ్చుకున్న పిల్లలు సులువైనవే కోరుకున్నారు, ఓడిపోయాక మొదటిసారికంటే తక్కువ తెచ్చుకున్నారు. తమ మార్కులు ఎవరో తెలియని పిల్లలకు రాసి పంపమంటే, వాళ్లలో పదిమందికి దాదాపు నలుగురు ఎక్కువ చేసి రాశారు. కష్టపడితే తెలివి పెరుగుతుందన్న ఆలోచనను పాఠంగా చెప్పినంత మాత్రాన మార్కులు బాగా పెరుగుతాయన్న ఆశ తర్వాతి పెద్ద అధ్యయనాల్లో అంతగా నిలవలేదు, కాబట్టి దీన్ని మంత్రంలా వాడొద్దు. కానీ ‘నువ్వు బ్రిలియంట్‌వి రా, నీకు రాకపోవడమేంటి’ అనే మాట మాత్రం ఇవాళే మానేయండి. ధైర్యం చెబుతున్నామని మనం అనుకుంటాం. ఆ బిడ్డకు అది చేయకూడని తప్పు చేశావన్నట్టు తగులుతుంది.

టెస్టు రాసి వచ్చిన పిల్లల్ని గేటు దగ్గరే ‘ఎంతొస్తుంది?’ అని అడగడం, వెంటనే ‘ఫస్టెవరు?’ అనడం మన ఇళ్లలో మామూలే. స్కూటర్ మీద వెనక కూర్చున్న బిడ్డ ఇల్లు చేరేదాకా ఆ ప్రశ్నతోనే ప్రయాణం చేస్తుంది. ముందు ఇంటికి రానివ్వండి, స్నానం చేసి అన్నం తిననివ్వండి. ఆ తర్వాత మార్కుల గురించి కాకుండా, ‘ఏ ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగావు? అక్కడ ఏం ప్రయత్నించావు?’ అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే రాని లెక్క గురించి మాట్లాడక తప్పదు. మాట్లాడేకొద్దీ దాని మీద భయం తగ్గుతుంది.

రోజుకొక రాని లెక్క. ఇది నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మే సాధన. సిలబస్‌లోదే అక్కర్లేదు, పాత ఒలింపియాడ్ పేపర్లోది, పజిల్ పుస్తకంలోది ఏదైనా సరే, కచ్చితంగా వెంటనే రానిది ఎంచుకోండి. ఇరవై నిమిషాలు టైమర్ పెట్టండి. పెన్సిల్, రబ్బరు పక్కన పెట్టేసి పెన్నుతో రాయమనండి. తప్పుదారి పట్టినా చెరపకూడదు, కింద కొత్తగా మొదలుపెట్టాలి. టైమర్ మోగగానే వచ్చినా రాకపోయినా ఆపేయాలి. మార్కులు లేవు, జవాబు కూడా మర్నాడే. మొదటి వారం విసుక్కుంటారు, కొందరు కన్నీళ్లు పెట్టుకుంటారు. పక్కన కూర్చోండి, సాయం చేయకండి. కొన్ని వారాలు గడిచేసరికి పేజీ నిండా కొట్టివేతలు కనిపిస్తే సంతోషించండి. రబ్బరుతో కాగితం పలచబడిన ఆ పాత పేజీకంటే ఇది ఎంతో ఆరోగ్యకరమైనది.

టెస్టుకు ముందు గుండె దడదడలాడే పిల్లలకు ఒక చిన్న ఉపాయం. షికాగో విశ్వవిద్యాలయంలో జెరార్డో రమీరెజ్, సియాన్ బైలాక్ 2011లో ప్రచురించిన అధ్యయనంలో తొమ్మిదో తరగతి పిల్లలతో ఫైనల్ పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాల గురించి కాగితం మీద రాయించారు. ఎక్కువగా ఆందోళనపడే పిల్లల్లో అలా రాసినవాళ్లు పరీక్ష మెరుగ్గా రాశారు. భయం బుర్రలో జాగా ఆక్రమిస్తుంది, లెక్క చేయడానికి కావలసిన జాగా అదే. కాగితం మీదికి దింపితే ఆ జాగా ఖాళీ అవుతుంది. ‘నాకు ఏం రాదేమోనని భయంగా ఉంది, సెక్షన్ మార్చేస్తారేమో’ అని రాసి ఆ కాగితం చింపేసినా ఫర్వాలేదు. మీరు మాత్రం దాన్ని తీసి చదవకండి.

ఇక స్కూలుతో మాట్లాడాల్సిన విషయాలు. ర్యాంకుల జాబితా పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పెడుతుంటే మానమని అడగండి, నలుగురు తల్లిదండ్రులు కలిసి అడిగితే వింటారు. డౌట్ అవర్‌లో అందరి ముందూ చెయ్యి ఎత్తలేని పిల్లలకు చీటీ మీద రాసి ఇచ్చే వీలు ఉందా? సిలబస్ ఎన్నేళ్లు ముందుకు పరిగెడుతోంది? ఏడో తరగతిలో తొమ్మిదో తరగతి చాప్టర్లు చెబుతుంటే అది లోతు కాదు, తొందర. తెలివైన పిల్లలకు లోతు కావాలి.

ఈ ప్రశ్నలు అడగడానికి మొహమాటపడనక్కర్లేదు, మీ వెనక ఇప్పుడు చాలా బలమే ఉంది. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కోచింగ్ సెంటర్లు 16 ఏళ్లలోపు పిల్లల్ని చేర్చుకోకూడదు. రోజుకు ఐదు గంటలకు మించి క్లాసులు ఉండకూడదు, వారానికో సెలవు ఇవ్వాలి, ఆ సెలవు మర్నాడు టెస్టు పెట్టకూడదు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటా వర్తించే 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకుమించి విద్యార్థులున్న విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో ఒకరైనా ఉండాలి. కోచింగ్ సెంటర్లు మార్కులను బట్టి బ్యాచులు విడగొట్టడం, అందరిముందూ అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం వీలైనంతవరకు మానుకోవాలి. మన తెలుగు గడ్డ మీద ఒక కుటుంబం పడ్డ కడుపుకోత నుంచి వచ్చిన తీర్పు ఇది. దాన్ని కాగితం మీదే మిగల్చకుండా ఉండే బాధ్యత మనది.

బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన ఒక కుర్రాడి సంగతి మీ పిల్లలకు చెప్పండి. ఆఫ్ స్పిన్ వేసేవాడు. ఒక మ్యాచ్‌లో అతని బౌలింగ్ ఏమాత్రం సాగలేదు. కెప్టెన్ తానే బంతి తీసుకుని వికెట్ పడగొట్టాడు. అంతవరకు ఏ కెప్టెనైనా చేస్తాడు. కానీ వెంటనే ఆ బంతిని తిరిగి ఆ కుర్రాడి చేతికే ఇచ్చాడు. అతను మళ్లీ కుదురుకుని వికెట్లు తీశాడు. ఆ కుర్రాడు సత్య నాదెళ్ల. ఆ కెప్టెన్ తన నమ్మకాన్ని ఎలా కాపాడాడో 2017లో వచ్చిన ‘హిట్ రిఫ్రెష్’ పుస్తకంలో ఆయనే రాసుకున్నారు. ఐఐటీ ప్రవేశ పరీక్షలో తాను నెగ్గలేకపోయిన సంగతీ దాచలేదు. మణిపాల్‌లో ఇంజినీరింగ్ చదివారు, 2014లో మైక్రోసాఫ్ట్ సీఈవో అయ్యారు. సీఈవో అయ్యారన్నది మన పిల్లలకు అంత ముఖ్యం కాదు. ఆ బంతి తిరిగి చేతికివ్వడం ముఖ్యం. ఈ వారం టెస్టు పోయిన బిడ్డకు వచ్చే వారం టెస్టు నువ్వే రాస్తావు, నీ మీద మాకు నమ్మకం అలాగే ఉంది అని తెలియజెప్పడం అంటే అదే.

ర్యాంకు లేని వ్యాపకం ఒకటి తప్పకుండా ఉంచండి. గల్లీ క్రికెట్, బొమ్మలు, పాట, మెట్రోలో బంధువుల ఇంటికి వెళ్లిరావడం ఏదైనా సరే. బ్యాచ్‌లో చేరగానే అందరూ ముందు కోసేది దాన్నే. దానికి బదులు నిద్ర కోస్తే ఇంకా ప్రమాదం.

ఇన్ని చేసినా కుదరకపోతే? ఒక టర్ము చూడండి. బిడ్డ కష్టపడుతూనే కొత్త స్నేహితుల్ని సంపాదించుకుని, ‘సార్ ఈరోజు భలే లెక్క ఇచ్చారు’ అని అప్పుడప్పుడైనా ఇంటికొచ్చి చెబుతుంటే కొనసాగించండి. ఆ మెరుపు ఒక్కసారీ కనిపించకపోతే మామూలు సెక్షన్‌కు మార్చండి. కట్టిన ఫీజు గురించి బిడ్డ ముందు మాట్లాడకండి. తెలివి ఎక్కడికీ పోదు, రెండేళ్ల తర్వాత మళ్లీ ప్రయత్నించవచ్చు. తిండి బాగా తగ్గిపోయినా, నిద్ర పట్టకపోయినా, స్నేహితుల్ని తప్పించుకు తిరుగుతున్నా, ‘నేను లేకపోతే బాగుంటుంది’ లాంటి మాట ఒక్కసారి నోట వచ్చినా మాత్రం టర్ము పూర్తయ్యేదాకా ఆగొద్దు, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. అమీర్‌పేట నుంచి మెట్రోలో మూడో స్టేషన్ ఎర్రగడ్డ, అక్కడి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ పేరు చెప్పగానే మొహం చిట్లించే రోజులు పోవాలి. 2022 అక్టోబర్‌లో మొదలైన టెలి మానస్ ఉచిత నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్లలే కాదు, తల్లిదండ్రులూ చేయవచ్చు.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్లినప్పుడు ప్రోగ్రెస్ కార్డు చేతికి తీసుకునే ముందే ప్రిన్సిపల్ గారిని ఈ రెండు ప్రశ్నలు అడగండి: మన స్కూల్లో కౌన్సెలర్ ఎవరు? మా పాప వారంలో ఏయే రోజుల్లో వారిని కలవవచ్చు?